పిల్లల మరణాలపై సమీక్ష: పెద్ద విచారణ మేలా, త్వరిత సమీక్ష మేలా?

ఇంట్లోవాళ్ల హింసకు ఒక బిడ్డ బలైతే, దాని నుంచి వ్యవస్థ ఏం నేర్చుకోవాలి? ఇంగ్లాండ్ రెండు దారులూ చూసింది.

2000లో లండన్‌లో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబీ చిత్రహింసలకు చనిపోయింది. లార్డ్ లామింగ్ బహిరంగ విచారణ జరిపి, 2003లో 108 సిఫార్సులు ఇచ్చారు. మరుసటి ఏడాదే పిల్లల రక్షణకు కొత్త చట్టం, చిల్డ్రన్ యాక్ట్ వచ్చింది. పై అధికారులతో కూడా జవాబు చెప్పించగలగడం, చట్టాన్ని కదిలించడం పెద్ద విచారణకున్న బలం. కానీ కింది స్థాయికి చేరేసరికి సిఫార్సులు ఫారాలుగా మారిపోతాయి. నిబంధనలు పెరిగిపోయి, ఉద్యోగుల సొంత వివేచనకు చోటు తగ్గిందని 2011లో పిల్లల రక్షణ వ్యవస్థపై ప్రభుత్వం కోరగా ప్రొఫెసర్ ఐలీన్ మన్రో ఇచ్చిన నివేదిక గట్టిగానే చెప్పింది.

రెండో దారి 2018 నుంచి వచ్చిన త్వరిత సమీక్ష. స్థానిక కౌన్సిల్, పోలీసులు, ఆరోగ్య సేవలు కలిసి దాన్ని 15 పనిదినాల్లో ముగించాలి. జ్ఞాపకాలు చెదరకముందే వివరాలు దొరుకుతాయి, ఆ ఇంట్లో మిగిలిన పిల్లల్ని వెంటనే పట్టించుకోవచ్చు. అయితే ఆ గడువులో ‘ఏం జరిగింది’ తెలిసినంతగా ‘ఎందుకు’ తెలియదు.

నేర్చుకోవాల్సిందంతా ఆ ‘ఎందుకు’లోనే ఉంది. ఇంట్లో పస్తులుంచి, కొట్టడంతో 2012లో కోవెంట్రీలో చనిపోయిన నాలుగేళ్ల డేనియల్ పెల్కానే చూడండి. బడిలో తోటిపిల్లల డబ్బాల్లోంచి తిండి తీసుకునేవాడు, చెత్తబుట్టల్లో వెతుక్కునేవాడు. టీచర్లు అది చూశారు, రాసిపెట్టారు కూడా. తిండి విషయంలో వాడికేదో జబ్బుందన్న తల్లి మాట నమ్మారు. ఇంటి సంగతులు వాణ్ణి ఎవరైనా అడిగినట్టు రికార్డుల్లో ఎక్కడా లేదు. వాడి ఇంటి భాష పోలిష్, ఇంగ్లీషు అంతంతమాత్రం. పరాయి భాష మధ్య పిల్లల్ని పెంచుతున్న మనవాళ్లకు ఇది చదువుతుంటే గుండె పట్టేస్తుంది. ‘ఎవరు గమనించలేదు?’ అని అడిగితే ఇక్కడ ఏమీ దొరకదు. ‘తల్లి మాట ఎందుకు సరిపోయింది?’ అని అడగాలి.

అందుకే నా ఓటు ముందు త్వరిత సమీక్షకే. ఆ తర్వాత ‘ఎందుకు’ తేలని కేసుల్ని ఎంచుకుని, ఆ కేసు చూసిన టీచర్లను, నర్సులను, సోషల్ వర్కర్లను ఉద్యోగం పోతుందన్న టెన్షన్ లేకుండా కూర్చోబెట్టి మాట్లాడించాలి. బహిరంగ విచారణను పై స్థాయి వైఫల్యాలకు ఉంచుకోవాలి.

నివేదిక వస్తే పని అయిపోయినట్టు కాదు. 2020లో ఇంట్లో హింసకు చనిపోయిన పసిపాప స్టార్ హాబ్సన్ బంధువులు చేసిన ఫిర్యాదులను కక్షతో చేసినవని పక్కనపెట్టారని 2022 జాతీయ సమీక్షలో తేలింది. సమీక్ష ముగిసిన ఆరు నెలలకు కొన్ని ఫైళ్లు తెరిచి, బిడ్డతో విడిగా మాట్లాడారా, ఏ భాషలో మాట్లాడారు, బంధువుల ఫిర్యాదు ఏమైంది అని చూడాలి.