బ్లూబర్డ్ పెట్టె కింద రేకు గొట్టం: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా పెరట్లో బ్లూబర్డ్ అనే చిన్న నీలం పిట్ట గూడు పెట్టుకోవడానికి పోల్ మీద నిలబెట్టిన పెట్టె ఉంది. దాని గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించేది దాని కింద పోల్‌కు వేలాడే రేకు గొట్టాన్ని. పాముల్లాంటివి పోల్ ఎక్కి గూటిని దోచుకోకుండా ఆపే అడ్డు ఇది, ఇక్కడ అమెరికాలో స్టవ్‌పైప్ బ్యాఫిల్ అంటారు. పెట్టె ఎంత వెడల్పు, రంధ్రం ఎంత సైజు అన్నవి పెట్టె కొన్న ప్రతివాళ్లకూ తెలుసు. ఈ గొట్టం సంగతి మాత్రం నేను కొన్న పెట్టెతో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. ఎన్నో సీజన్లుగా వాడుతున్నాను. పెరటి కోసం ఇంతవరకూ కొన్నవాటిలో దీనిమీద ఉన్నంత ఇష్టం నాకు మరి దేనిమీదా లేదు.

మేముండేది నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. ఇంటి వెనక పచ్చిక, అది దాటాక పైన్ చెట్లు. ఈస్టర్న్ బ్లూబర్డ్‌లు చలి తగ్గుతూ ఉండగానే పెట్టె చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. ఎండాకాలం అయ్యేలోపు రెండు, ఒక్కోసారి మూడు విడతలు పిల్లల్ని చేస్తాయి. విడతకు నాలుగైదు లేతనీలం గుడ్లు. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో పద్దెనిమిది రోజులు అటూ ఇటూగా. అంటే నెలరోజుల పాటు అమ్మానాన్నా అదే రంధ్రంలోకి రోజంతా వస్తూ పోతూ ఉంటాయి. చుట్టుపక్కల ఉన్న రకూన్‌లకూ (ముందుకాళ్లను చేతుల్లా వాడే, పిల్లికంటే కాస్త పెద్ద జంతువులు) పాములకూ ఆ అడ్రసు తెలియడానికి అంత టైం చాలు.

ఈ గొట్టానికి ముందు షాపులో దొరికే గొడుగు ఆకారం రేకు ఉండేది. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, రకూన్‌లను ఆపింది కూడా. కానీ ఒకరోజు పొద్దున పెట్టె తలుపు తీస్తే లోపల ఏమీ లేదు. పైన్ ఆకులతో అల్లిన గూడు ముందురోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క పుల్ల కదల్లేదు. ఒక్క ఈక రాలలేదు. అందులో ఉండాల్సిన పిల్లలు మాత్రం లేవు. గూడు నలగకుండా ఖాళీ అయిందంటే చాలావరకు పాము పనే. రకూన్ అయితే చెయ్యి దూర్చి దొరికింది దొరికినట్టు లాగుతుంది, గడ్డి రంధ్రంలోంచి బయటికి వేలాడుతుంది. గుడ్లకు సన్నటి చిల్లులు పడితే హౌస్ రెన్ అనే చిన్న పిట్టను అనుమానించాలి. ఆ రోజు తల్లిపిట్ట నోట్లో పురుగు పట్టుకొచ్చి, పెట్టెలో తల పెట్టి చూసి, మళ్లీ బయటికొచ్చి, మళ్లీ లోపలికి చూడటం నేను మర్చిపోలేదు.

ఇక్కడి పెరళ్లలో గూళ్లు ఎక్కే పాము ఎక్కువగా ర్యాట్ స్నేక్. నల్లగా, ఐదారు అడుగుల దాకా పెరుగుతుంది. మన జెర్రిపోతులాగే విషం లేదు, ఎలుకల్ని తింటుంది. చెట్లెక్కడంలో దిట్ట. నున్నటి ఇనుప పోల్ కూడా దానికి లెక్కలేదు, చుట్టుకుని ఎక్కేస్తుంది. అంత పొడుగు పాముకు చిన్న గొడుగు రేకు అంచు అందుకోవడం పెద్ద పనేం కాదు.

గొట్టం కట్టడం ఒక పూట పని. 8 అంగుళాల వ్యాసం, కనీసం 24 అంగుళాల పొడుగు ఉన్న రేకు గొట్టం కావాలి. హార్డ్‌వేర్ షాపుల్లో హీటింగ్ పైపుల దగ్గర దొరుకుతుంది. పోల్ దాని మధ్యలోంచి వెళ్తుంది. కిందిమూతి తెరిచే ఉంటుంది. పైమూతికి సన్నకళ్ల ఇనుప జాలీ బిగించాలి, పోల్ చుట్టూ సందు లేకుండా. గొట్టాన్ని పోల్‌కు గట్టిగా బిగించకూడదు, రెండు ఇనుప పట్టీల మీద ఊగేలా ఆనించాలి. పెట్టెకు సరిగ్గా కింద, గొట్టం పైఅంచు నేలకు నాలుగడుగుల ఎత్తుకు తగ్గకుండా ఉండాలి.

దీని గొప్పతనమంతా ఆ పైమూతి జాలీలో ఉంది. అది నాకు అర్థమైంది అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉన్నప్పుడు, మే నెలాఖరులో ఒక సాయంత్రం. బ్లూబర్డ్‌లు రెండూ ఒకటే అరుపులు. పైనుంచి దూసుకొస్తున్నాయి, ముక్కులు టకటకలాడిస్తున్నాయి. అమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి, "ఒరేయ్ నాన్నా, పాము ఎక్కుతోందిరా, కర్ర పట్రా!" అని కేకేసింది. వెళ్లి చూస్తే పాము అప్పటికే పోల్ సగం ఎక్కేసింది. మామూలుగా చూసే పాముల కంటే పెద్దది. తల గొట్టం కిందిమూతిలో దూరింది. తర్వాత ఒళ్లు మెల్లిగా, జానెడు జానెడుగా లోపలికి పోతోంది. కాసేపటికి తోక మాత్రమే బయట మిగిలింది. లోపల అది కదిలినప్పుడల్లా గొట్టం అటూ ఇటూ ఒరిగి పోల్‌కు కొట్టుకుని రేకు చప్పుడవుతోంది. "లోపలికి పోయిందిరా, ఇంకేముంది, అయిపోయింది" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పెట్టెలో అప్పటికి ఈకలు కూడా సరిగ్గా రాని పిల్లలున్నాయి.

నేను దగ్గరికి వెళ్లి పైనుంచి చూశాను. జాలీ కళ్లలోంచి నాలుక బయటికొచ్చి ఆడుతోంది. ముక్కుతో జాలీ అంచంతా తడుముకుంటూ ఒక చుట్టు తిరిగింది. పోల్ దగ్గర ఆగి నెట్టింది. మళ్లీ తిరిగింది. సందు దొరకలేదు. తల పైన, ఒళ్లు కింద, ముందుకు దారి లేదు. కాస్త ఆగాక తన ఒంటి పక్క నుంచే తల కిందికి దింపుకుని, ఎక్కిన దారినే దిగింది. అంతటితో వదల్లేదు. ఈసారి గొట్టం బయటి నుంచి ప్రయత్నించింది. చుట్టుకోవడానికి 8 అంగుళాల రేకు మరీ లావు, పైగా ఊగుతోంది. సగం దాకా నిక్కి, జారి గడ్డిలో పడింది. ఆ తర్వాత పైన్ చెట్ల వైపు వెళ్లిపోయింది. కర్రతో పని పడలేదు. పిల్లలు ఎగిరిన రోజు అమ్మ ఊరికి ఫోన్ చేసి అందరికీ ఈ కథ చెప్పింది.

నాకు నచ్చింది ఇదే. పిట్ట బతికింది, పామూ బతికింది. పోల్‌కు గ్రీజు పూయమని చెప్పేవాళ్లున్నారు. అది పిట్టల ఈకలకు అంటుకుంటే వాటికే ముప్పు, ఎండకు కరిగిపోతుంది కూడా. ప్లాస్టిక్ వల చుట్టేవాళ్లూ ఉన్నారు. అందులో చిక్కుకున్న పాము కోసుకుపోయి చచ్చిపోతుంది. ఎలుకల్ని తినే జీవిని అలా చంపుకోవడం నాకు ఇష్టం లేదు.

"ఇది కట్టేయండి, ఇంక టెన్షన్ ఉండదు" అని ఆ ఏడాది తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత మాట చెప్పను. గొట్టం ఆపేది నేల మీద నుంచి పోల్ ఎక్కివచ్చేవాటిని. పక్కన చెట్టు కొమ్మో, చెక్క కంచో ఉంటే పాముకు గొట్టంతో పనిలేదు, అక్కడి నుంచే పెట్టె అందుకుంటుంది. మా క్రేప్ మర్టల్ చెట్టు పెరిగి కొమ్మలు పెట్టె వైపు సాగినప్పుడు నరికించాల్సి వచ్చింది. వర్షాలు బాగా పడ్డాక ఇక్కడి ఎర్రమట్టి మెత్తబడి పోల్ ఒక పక్కకి వాలింది. పోల్ వాలితే గొట్టం ఒకవైపు పోల్‌కు ఆనుకుని ఊగడం తగ్గుతుంది, కాబట్టి సీజన్ మొదట్లో నిలువు చూసుకోవాలి. కార్నెల్ పక్షిశాస్త్ర ల్యాబ్ వాళ్లు, పిట్టగూళ్ల వివరాలు నమోదు చేసే తమ నెస్ట్‌వాచ్ కార్యక్రమానికి వాలంటీర్లు పంపిన రికార్డులు పరిశీలిస్తే, ఇలాంటి రక్షణలున్న పెట్టెల్లోనే పిల్లలు ఎక్కువగా దక్కాయి. ఒకదానితో ఆగకుండా రెండు మూడు కలిపితే ఇంకా మేలని కూడా తేలింది. అది చదివాక రంధ్రం ముందు మందమైన చెక్క ముక్క బిగించాను, పైనుంచి చెయ్యి దూర్చేవాటికి గూడు అందకుండా.

గొట్టానికి అసలు సంబంధమే లేని శత్రువు పిచ్చుక. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. మనకు పిచ్చుకంటే చూరుకు వరికంకుల కుచ్చు కట్టి పిలుచుకునే పిట్ట, ఊళ్లలో కనబడటం లేదని బాధపడే పిట్ట. అదే పిచ్చుకను 19వ శతాబ్దంలో మనుషులు అమెరికాకు తెచ్చి వదిలారు. ఇక్కడది బ్లూబర్డ్ పెట్టె కోసం గుడ్లు పొడుస్తుంది, పిల్లల్ని చంపుతుంది, గూటిలో కూర్చున్న తల్లిని కూడా తలమీద పొడిచి చంపుతుంది. ఒకటిన్నర అంగుళం రంధ్రం గోరింక జాతి స్టార్లింగ్‌ను ఆపగలదు, పిచ్చుకను ఆపలేదు. నేను చేసేదల్లా బ్లూబర్డ్ మొదటి గుడ్డు పెట్టగానే పెట్టె పైన మెరిసే ప్లాస్టిక్ రిబ్బన్లు వేలాడదీయడం. పిచ్చుకలు వాటికి జంకుతాయి, గుడ్డు పెట్టిన బ్లూబర్డ్ అలవాటుపడుతుంది. గుడ్డుకు ముందే కడితే బ్లూబర్డే పెట్టె వదిలేసి పోవచ్చు. పిల్లలు ఎగరగానే తీసేయాలి, లేదంటే పిచ్చుకలకూ భయం పోతుంది. అమెరికా చట్టంలో బ్లూబర్డ్‌కు, హౌస్ రెన్‌కు 1918 నాటి వలస పక్షుల చట్టం రక్షణ ఉంది, పిచ్చుకకు లేదు. అయినా దాని గూడు తీసి పారేయాల్సి వచ్చిన రోజున నాకు అన్నం సయించలేదు.

కాబట్టి కొనమంటానా అంటే, మీ పెరడు చూసుకోవాలి. మాది ఖాళీ పచ్చిక, పెట్టెకు పది అడుగుల్లోపు కంచె లేదు, నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి మధ్యమధ్యలో చూస్తుంటాను. అలాంటిచోట ఈ గొట్టం కన్నా మంచిది నాకు తెలియదు. టౌన్‌హోమ్ వెనక పదడుగుల జాగాలో కంచె పక్కన పెట్టేవాళ్లకు మాత్రం గొట్టం ఉన్నా పెద్దగా ఒరిగేదేం లేదు. ఆష్‌విల్ వైపు కొండల్లో ఎలుగుబంట్లు తిరిగేచోట అవి పోల్‌నే పడేస్తాయి. పెట్టెను చెట్టుకు మేకులతో కొట్టినవాళ్లు ముందు దాన్ని ఇనుప పోల్ మీదికి మార్చుకోవాలి, లేకపోతే ఈ గొట్టం కట్టడానికి చోటే ఉండదు. మా పాములు పొడుగ్గానే ఉన్నాయి కాబట్టి వచ్చే సీజన్‌కు 24 అంగుళాలది తీసేసి 36 అంగుళాలది వేస్తున్నాను. జాలీ మాత్రం అదే.