పీఈసీవీడీ మెషీన్: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

మా క్లీన్‌రూమ్‌లో (చిప్‌లు చేసే దుమ్ములేని గదిలో) ఉన్న పీఈసీవీడీ, అంటే ప్లాస్మా సాయంతో గ్యాసుల నుంచి పల్చటి పొరలు వేసే మెషీన్ మీద కొన్నేళ్లుగా సిలికాన్ నైట్రైడ్, సిలికాన్ ఆక్సైడ్ పొరలు వేస్తున్నాను. మెటల్ లైన్లు వేసేసిన వేఫర్ (పల్చటి సిలికాన్ బిళ్ల) మీద ఇన్సులేటర్ పొర కావాలంటే నేను ముందు దీని దగ్గరికే వెళ్తాను. ప్లాస్మా లేకుండా తక్కువ ప్రెషర్‌లో వేడితోనే పొర వేసే ఎల్‌పీసీవీడీ ఫర్నేస్‌లో నైట్రైడ్‌కి 700 డిగ్రీలు దాటాలి, లైన్లలోని అల్యూమినియం చూస్తే 660కే కరుగుతుంది. ఇక్కడ సైలేన్ (సిలికాన్ ఇచ్చే గ్యాస్), అమ్మోనియాలను విడగొట్టే పని ప్లాస్మాది కాబట్టి వేఫర్ 300 డిగ్రీల దగ్గరుంటే చాలు.

నాకు బాగా నచ్చింది పొరలోని స్ట్రెస్ (లోపలి బిగువు) మీద దొరికే పట్టు. ప్లాస్మాకి 13.56 మెగాహెర్ట్జ్ పవర్ ఒక్కటే వాడితే మా నైట్రైడ్ టెన్సైల్‌గా (లాగి పట్టినట్టు) వస్తుంది. కొన్ని వందల కిలోహెర్ట్జ్ పవర్ కలిపితే అయాన్లు పొరను గట్టిగా తాకి కంప్రెసివ్ (నొక్కి పట్టినట్టు) వైపు తీసుకెళ్తాయి. ఈ రెండింటినీ కొన్ని సెకన్ల చొప్పున మార్చి మార్చి ఇస్తే స్ట్రెస్ దాదాపు సున్నాకి వస్తుంది. పల్చటి మెంబ్రేన్లు చేసేవాళ్లకి ఇది నిజంగా వరం.

చిక్కంతా హైడ్రోజన్‌తోనే. గ్యాసుల్లోని హైడ్రోజన్ పొరలో మిగిలిపోతుంది. తర్వాత వేఫర్‌ని బాగా వేడి చేస్తే అది బయటికొచ్చి పొర పొంగుతుంది, పగులుతుంది. హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ యాసిడ్)లో కూడా ఎల్‌పీసీవీడీ నైట్రైడ్ కంటే చాలా త్వరగా కరిగిపోతుంది. ట్రాన్సిస్టర్ గేట్ కింద ఉండే గేట్ ఆక్సైడ్ కోసమైతే దీన్ని అడగొద్దు, సిలికాన్‌ని ఫర్నేస్‌లో వేడి చేసి పెంచే థర్మల్ ఆక్సైడే వేసుకోండి.

ఛాంబర్ క్లీన్ చేశాక సీజనింగ్ (అసలు వేఫర్ పెట్టేముందు గోడల మీద ఒక పొర పట్టించడం) మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానొద్దు. సీఎఫ్4, ఆక్సిజన్ ప్లాస్మాతో క్లీన్ చేశాక గోడల మీద ఫ్లోరిన్ మిగులుతుంది. అందుకే డమ్మీ వేఫర్ మీద మీరు వాడబోయే రెసిపీనే నడిపి, ఎలిప్సోమీటర్‌లో (కాంతితో పొరను కొలిచే పరికరంలో) రిఫ్రాక్టివ్ ఇండెక్స్ (వక్రీభవన గుణకం) చూసుకోండి. నైట్రైడ్‌కి 2.0, ఆక్సైడ్‌కి 1.46 దగ్గర ఉండాలి. నైట్రైడ్ ఇండెక్స్ అంతకు మించి పెరుగుతుంటే సిలికాన్ ఎక్కువవుతోందన్నమాట, అమ్మోనియా ఫ్లో ఒకసారి చూడండి.

క్లీనింగ్ వాయిదా వేస్తే షవర్‌హెడ్ (గ్యాసులను వేఫర్ మీదికి వదిలే చిల్లుల పళ్లెం) మీద పేరుకున్నదంతా పెచ్చులుగా రాలి వేఫర్ మీద పడుతుంది. ముందు వాడినవాళ్లు క్లీన్ చేయకుండా వెళ్లిపోయారంటే ఆ రోజంతా టెన్షనే. మాకు మెషీన్ అమ్మినవాళ్లు విడిభాగాలు పంపడంలో చేసే ఆలస్యం ఇంకో తలనొప్పి. కొనే ముందే ఓ-రింగులు, ఒక స్పేర్ షవర్‌హెడ్ ఆర్డర్‌లో రాయించుకోండి.

సైలేన్ గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది. గ్యాస్ డిటెక్టర్ పనిచేయని రోజు మెషీన్ ఆన్ చేయొద్దు, మీ గైడ్ తొందరపెట్టినా సరే.