మైక్ సెట్ షాపులో ‘టాపెస్ట్రీ’ ప్లేటు

నల్లగొండలో మాది మైక్ సెట్ల షాపు. నాన్న రోజుల్లో పెళ్లంటే ముందు గుంజకు లౌడ్‌స్పీకర్ కట్టి ప్లేటు పెట్టాల్సిందే. ఆయన పోయాక మూలన పడున్న ప్లేయర్‌కు మొన్న క్లాక్ టవర్ దగ్గర పాత రేడియో మెకానిక్‌తో కొత్త ముల్లు, బెల్టు వేయించాను. దానికోసం ఆన్‌లైన్లో కొన్న మొదటి ఎల్పీ (పెద్ద ప్లేటు), అమెరికా గాయని కరోల్ కింగ్ ‘టాపెస్ట్రీ’. కొత్త ప్రింటే, 2,400 రూపాయలు.

ముందు తిట్టాల్సింది తిడతా. పల్చటి అట్టలో పంపారు, కవర్ మూల నలిగిపోయింది. ఫొటోలు అడిగారు, పంపితే మళ్లీ పలకలేదు. కవర్ మీద ఆమె కిటికీ పక్కన వట్టి కాళ్లతో కూర్చుంటే ముందు ఒక పిల్లి ఉంటుంది. “ఆ పిల్లే కొరికిందేమో” అని మా ఆవిడ నవ్వింది.

ప్లేటు మాత్రం బాగుంది. మొదటి పాటే కాళ్ల కింద నేల కదిలినట్టుందని. పియానో ఎడమ చేతి దెబ్బలకు మా షట్టర్ నిజంగానే గలగలమంది. రెండో వైపు చివర్లో కొంచెం చిటపట ఉంది, ఆ మాత్రం ఉంటుంది.

ఈమె 18 ఏళ్లకే వేరేవాళ్లకు పాటలు కట్టింది. మాటలు భర్త గెర్రీ గోఫిన్‌వి, బాణీ ఈమెది. ‘విల్ యూ లవ్ మీ టుమారో’ను 1960లో షిరెల్స్ అనే నల్లజాతి అమ్మాయిల బృందం పాడితే, తర్వాతి ఏడాది మొదట్లో అమెరికాలో నంబర్ వన్ అయింది. అదే పాటను 1971లో ఈ ప్లేటు మీద తనే నిదానంగా పాడింది. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. షిరెల్స్‌ది బరాత్‌లో వేయొచ్చు. ఈమెది అప్పగింతలయ్యాక షామియానా విప్పేటప్పుడు వేయాలి. రేపు కూడా ప్రేమిస్తావా అన్న మాటలో అనుమానం అప్పుడే తెలుస్తుంది. వెనక గొంతు కలిపినవాళ్లలో గాయకులు జోనీ మిచెల్, జేమ్స్ టేలర్ ఉన్నారు.

ఈ ఆల్బమ్ 15 వారాలు నంబర్ వన్‌గా ఉంది, నాలుగు గ్రామీ సంగీత అవార్డులు తెచ్చింది. వాటిలో పాట రాసినవాళ్లకిచ్చే ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ ఒక ఆడమనిషికి రావడం అదే మొదలు. పన్నెండు పాటల్లో నాకు ఎక్కనిది ఒక్కటే, రెండో వైపు నాలుగోది. ముల్లు ఎత్తి దాటేస్తా.

గొంతు గొప్పదేం కాదు. అక్కడక్కడా జీర. మా అమ్మకు ఇంగ్లిష్ ముక్క రాదు, నాట్లేసేటప్పుడు పాట కట్టి పాడిన మనిషి. కాసేపు విని, “గొంతు చిన్నగుంది గని, కట్టుకున్న పాట తనే పాడుకుంటున్నట్టుంది బిడ్డా” అన్నది. ఆ సంగతి నేనింకా చెప్పనేలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం కాగానే “ఆ పిల్ల ప్లేటు ఎయ్యి” అంటోంది. పెళ్లి బుకింగ్ ఉన్న రోజు మాత్రం కుదరదు, ఆంప్లిఫయర్ ఒక్కటే ఉంది.