ఫ్యామిలీ కోచింగ్ వారం షీటు: ఎక్కడిదాకా పనికొస్తుంది, ఎప్పుడు థెరపీకి వెళ్ళాలి

ప్యాకేజీలు, జూమ్ సెషన్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. ఇంట్లో పనులు, అలవాట్లు గాడిలో పెట్టే ఫ్యామిలీ కోచింగ్, మానసిక చికిత్స అయిన థెరపీ, రెండూ చాలాకాలం వాడాక నాకు గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కదాని గురించే: కోచ్‌లు ఇచ్చే వారం షీటు. దాని మీద కోపం ఇంకా తగ్గలేదు.

ఎడమవైపు ఒక్కొక్కరి పేరు, పనులు, పైన ఏడు రోజులు. ఆరున్నరకి లేవడం, అరగంట నడక, రాత్రి అందరూ కలిసి భోంచేయడం, తొమ్మిది తర్వాత ఫోన్లు హాల్లో పెట్టేయడం. చేస్తే టిక్కు, లేకపోతే ఖాళీ. వారం చివర కోచ్ ఖాళీ గడుల దగ్గర ఆగి ‘ఏం అడ్డొచ్చింది, వచ్చే వారం ఎలా చేస్తారు’ అని అడుగుతారు. ఇంటర్ పిల్లల ఫోన్ గొడవలకీ, వంటింటి పనుల పంపకానికీ, రిటైరైన నాన్నగారికి పొద్దు గడవకపోవడానికీ ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎవరేం చేయాలో కాగితం మీద ఉంటే సగం వాదనలు పుట్టనే పుట్టవు.

ఇంట్లో ఒకరికి డిప్రెషన్ మొదలైతే మాత్రం ఇదే షీటు ఎదురు తిరుగుతుంది. ఆ మనిషి వరసలో ముందు నడక ఆగిపోతుంది, తర్వాత పొద్దున లేవడం, చివరికి కలిసి భోజనం కూడా. కోచ్‌కి అది పట్టుదల తగ్గడంలా కనిపిస్తుంది. అందుకని రిమైండర్లు పెంచుతారు, వాట్సాప్ గ్రూపులో రోజూ ఫోటో పెట్టమంటారు, ఇంట్లో ఇంకొకరిని కాపలా పెడతారు. ‘నేను దేనికీ పనికిరాను’ అని అప్పటికే కుమిలిపోతున్న మనిషికి ఆ కాగితం వారం వారం రుజువు చూపిస్తుంది. ఇక సెషన్ ముందు రాత్రి అబద్ధపు టిక్కులు పడతాయి. ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఏడు రోజులకీ టిక్కులున్న షీటు చూస్తే అది ఒక్క కూర్చోవడంలో నింపిందని తెలిసిపోతుంది. అక్కణ్ణించి కోచ్ చెప్పే సలహాలన్నీ తప్పుడు లెక్క మీదే నడుస్తాయి.

ఇక్కడ నాకు ఆశ్చర్యంతోపాటు సంతోషం కలిగించింది థెరపీలో ఇచ్చే కాగితం. డిప్రెషన్‌కి వాడే బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతిలో గంట గంటకీ ఏం చేశారో రాసి, పక్కన అప్పటి మూడ్‌కి 0 నుంచి 10 లోపు అంకె వేయమంటారు. మొదట్లో కొత్త పనులేమీ పెట్టరు, ఉన్నది ఉన్నట్టు రాయడమే. మధ్యాహ్నం మూడు దాకా మంచం దిగకపోతే అదీ రాయాలి, ఎందుకంటే ఏ గంటలో మనసు కుంగుతోందో అందులోనే దొరుకుతుంది. తర్వాత పనిని ముక్కలు చేస్తారు. అరగంట నడక కాస్తా ‘చెప్పులేసుకుని గేటు దాకా’ అవుతుంది. మూడ్ బాగయ్యేదాకా ఆగకుండా ముందు ఆ కొంచెం చేసి, తర్వాత అంకె మారిందేమో చూడమంటారు.

కోచ్ నుంచి థెరపీకి ఎప్పుడు మారాలి? దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడిపోవడం రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే ఇక షీటు పక్కన పెట్టేయండి. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్‌కి చూపించాలి. అంకె ఒక్కటే రోగనిర్ధారణ కాదు, థైరాయిడ్ తగ్గినా ఇలాంటి లక్షణాలే వస్తాయి కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష కూడా అడగండి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏమొచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, ఆ రోజే మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అందర్నీ కూర్చోబెట్టే సెషన్ అసలు వద్దు. అక్కడ నిజం చెప్పినందుకు ఇంటికెళ్ళాక దెబ్బలు పడొచ్చు. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది.

డబ్బు కట్టేముందు కోచ్‌ని ‘ఏ పరిస్థితిలో మమ్మల్ని వేరేచోటికి పంపుతారు’ అని అడగండి. తడుముకోకుండా చెప్తే మంచిదే. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సేమీ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్ట్‌కైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగితే తప్పేం లేదు. మందులు అవసరమైతే రాసేది సైకియాట్రిస్టు.

పైన షీటుని మెచ్చుకున్నాను కదా, దాన్నీ కొంచెం తగ్గించి చదవండి. టిక్కులు చాలా ఇళ్ళలో అమ్మ పరుగుల మీదే పడతాయి. పిల్లల్లో డిప్రెషన్ దిగులుగా కాక చిరాకుగా బయటపడొచ్చు, అప్పుడు ఫోన్ గొడవని ఫోన్ గొడవగానే చూస్తే అసలుది దాటిపోతుంది.

నాకు సైకాలజిస్ట్ దగ్గర్లో ఉండటం, వారం వారం ఫీజు కట్టగలగడం కలిసొచ్చాయి. అవి లేనివాళ్ళు జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని మొదలుపెట్టొచ్చు. ఒక్కరికే చేసే థెరపీ ఇంటి పనుల తగువు తీర్చదు, ఆ సంగతి కూడా ఒప్పుకోవాలి. మనిషి తేరుకున్నాక కోచ్ దగ్గరికి మళ్ళీ వెళ్తే వెళ్ళండి, కానీ షీటులో ఆ మనిషి వరస ఎలా ఉండాలో థెరపిస్ట్‌ని అడిగి రాయించుకోండి.