మూడేళ్ల శనివారాలు, ఒక లాంగ్ నోటుబుక్కు: రెండోసారి చూశాక మారిన అభిప్రాయాలు

మా ఇంట్లో శనివారం రాత్రి అందరం కలిసి ఏదో ఒకటి చూడడం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడు మా పాప ఏడో తరగతి పరీక్షలు రాస్తోంది, ఇప్పుడు పదో తరగతి. సగం ఖాళీగా మిగిలిపోయిన దాని లెక్కల నోటుబుక్కులో, చూసిన వెంటనే ఒక్కొక్కరం ఒక్కో వాక్యం రాయాలని నియమం పెట్టుకున్నాం. అత్తమ్మ చెబుతారు, పాప రాస్తుంది. కొన్ని నెలల తర్వాత అదే సినిమా మళ్లీ చూస్తే, పాత మాట కొట్టెయ్యకుండా దాని కిందే ఎర్ర ఇంకుతో కొత్త మాట రాయాలి. మూడేళ్లు గడిచాక ఆ పుస్తకం తిరగేస్తుంటే నల్ల ఇంకు కంటే ఎర్ర ఇంకు మాటలే నమ్మదగ్గవిగా కనిపిస్తున్నాయి. అందుకే ఈ సమీక్ష ఒక్కసారి చూసి రాసింది కాదు. మా ఇంట్లో రెండు మూడుసార్లు నడిచిన వాటి గురించే రాస్తున్నాను.

మొదటి పేజీలో ఉన్నది ‘బలగం’ సినిమా. ఇంటి పెద్ద పోయాక పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడంతో, విడిపోయిన కుటుంబం మళ్లీ దగ్గరయ్యే కథ. 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చింది, మూడు వారాలకే ప్రైమ్ వీడియోలోకి వచ్చేసింది. నాది తెనాలి, మా ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్లయి పదహారేళ్లయినా వాళ్ల వైపు చావు కార్యక్రమాల్లో నేను దగ్గరుండి అన్నీ చూసింది లేదు. ఆ రోజు నల్ల ఇంకుతో నేను రాసింది ఇదీ: “బాగుంది, కానీ సాగింది. చావింట్లో మందు, మటన్ ఏమిటో నాకు ఎక్కలేదు.” అలిగి వెళ్లిపోయిన ఇంటి అల్లుడి గురించి మా ఆయన “నారాయణదే తప్పు” అని రాశారు. అత్తమ్మ “మా ఊరే” అని రెండు మాటలు చెప్పి పడుకున్నారు.

2024 ఆగస్టులో మామయ్య పోయారు. మూడో రోజు ఊరి బయట చెరువు గట్టు మీద పిట్టకు పెట్టారు. విస్తరాకులో అన్నం, మటన్ కూర, గుడాలు, పక్కన చిన్న గ్లాసులో కల్లు, ఆయన తాగే బీడీ కట్ట. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. తుమ్మచెట్టు మీద కాకులు ఉన్నాయి, దిగడం లేదు. పావుగంట అయింది, అరగంట అయింది. మా ఆయన, వాళ్ల అన్నయ్య రెండేళ్లుగా పొలం గట్టు విషయంలో ముభావంగా ఉంటున్నారు. అక్కడ ఎవరూ సినిమా పేరు ఎత్తలేదు కానీ, అందరి చూపూ ఒకసారి ఆ ఇద్దరి మీదకు వెళ్లింది. బావగారే ముందుకు వచ్చి విస్తరి దగ్గర చేతులు జోడించి, “మేం మంచిగుంటం నాయినా” అన్నారు. ఇంకాసేపటికి ఒక కాకి వాలింది. అత్తమ్మ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చారు.

సంవత్సరీకం అయ్యాక, 2025 సెప్టెంబరులో ‘బలగం’ మళ్లీ పెట్టమని అత్తమ్మే అడిగారు. మొదటిసారి సాగినట్టు అనిపించిన ప్రతి సీనూ నాకు ఆ రోజు చిన్నదిగా అనిపించింది. మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అని కథ ఆగి ఆగి నడవడం దర్శకుడు వేణు యెల్దండి నిదానం అనుకున్నాను. ఆ రోజులు నిజంగా అలాగే నడుస్తాయని అనుభవించాక తెలిసింది. భోజనాల్లో నల్లి బొక్క (మటన్‌లో మూలుగ ఎముక) దగ్గర మొదలైన గొడవకు మొదటిసారి నవ్వాను. ఈసారి నారాయణ భార్య లక్ష్మి ముఖమే చూస్తూ కూర్చున్నాను. భర్త మాట కాదనలేక, పుట్టింటి గడప తొక్కలేక ఇరవై ఏళ్లు గడిపిన ఆడపిల్ల ఆమె. తండ్రి శవం దగ్గరకు వచ్చాక కూడా అన్నల వైపు ఒక అడుగు, భర్త వైపు ఒక అడుగు అన్నట్టు నిలబడుతుంది. రూపాలక్ష్మి ఆ పాత్రలో నటిస్తున్నట్టే ఉండదు.

చివర్లో కథ చెప్పే జంట పాడే పాట దగ్గర మొదటిసారి నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఆ విషయం పాప పుస్తకంలో రాసి పెట్టింది కూడా. పాడింది దుగ్గొండికి చెందిన మొగిలయ్య, కొమురమ్మ. ఊరూరా చావిళ్ల ముందు కూర్చుని పోయినవాళ్ల గురించి పాడే బుడగ జంగాల కళ వాళ్లది. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కాలం చేశారు. రెండోసారి ఆ పాట వచ్చినప్పుడు అత్తమ్మ రిమోట్ అడిగి తీసుకుని తనే సౌండ్ పెంచారు. ఎర్ర ఇంకుతో నా మాట: “ఇది మా ఇంటి సినిమా.” మా ఆయన మాట: “అందరిదీ తప్పే.”

నచ్చనిది మాత్రం మూడోసారి చూసినా మారలేదు. సాయిలు, సంధ్యల ప్రేమ నాకు అతకలేదు. అప్పుల్లో ఉన్న కుర్రాడు మేనత్త కూతురి ఆస్తి చూసి దగ్గరవుతాడు. ఆ లెక్క ఎప్పుడు ఇష్టంగా మారిందో సినిమా సరిగా చూపించదు. సాయిలుగా ప్రియదర్శి అంత బాగా చేయబట్టి ఆ లోటు పైకి తేలలేదు.

‘బలగం’లో లక్ష్మి, నారాయణలుగా చేసిన రూపాలక్ష్మి, మురళీధర్ గౌడ్ 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చిన ‘సివరపల్లి’ సిరీస్‌లో మళ్లీ భార్యాభర్తలే. మొదటి ఎపిసోడ్‌లో వాళ్లు కనిపించగానే అత్తమ్మ, “గీ ఇద్దరు మళ్ల ఆలుమొగలేనా? బొక్క లొల్లి తీరిందా మరి?” అన్నారు. ఎనిమిది ఎపిసోడ్లూ ఆ ఇద్దరి కోసమే చూశారు. ఇది హిందీ ‘పంచాయత్’కు తెలుగు రూపం. పట్నం కుర్రాడు పల్లెకు పంచాయతీ కార్యదర్శిగా రావడం, సర్పంచ్‌గా గెలిచింది భార్య అయితే పెత్తనం భర్తది కావడం, అన్నీ ఆ దారిలోనే ఉంటాయి. కార్యదర్శిగా రాగ్ మయూర్ బాగా చేశాడు, యాస కూడా చాలా చోట్ల కుదిరింది.

అయితే మా ఆడపడుచు కొడుకు నిజంగానే పంచాయతీ సెక్రటరీ. వాడు మాతో కలిసి రెండు ఎపిసోడ్లు చూసి, “అత్తా, ఆఫీసులో ఇంత ఖాళీ టైమ్ నాకెప్పుడు దొరికింది?” అన్నాడు. 2019లో పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పటి నుంచి తెలంగాణ ఊళ్లలో ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానవాటిక) వచ్చాయి. వీడి రోజంతా వాటి చుట్టూ తిరగడం, ఫొటోలు తీసి పంపడంతోనే సరిపోతుంది. పైగా ఆ సిరీస్ వచ్చిన రోజుల్లో తెలంగాణలో సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక అధికారుల పాలన నడిచింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఇంత కథ మన ఊళ్లలో ఉండగా, వేరే రాష్ట్రపు పల్లె అస్థిపంజరానికి మన యాస తొడిగారే అని నాకు బాధగా ఉంది. పాత్రలకు ఆ శక్తి ఉంది. కథ కూడా ఇక్కడి మట్టిలోంచి వస్తే ఎంత బాగుండేదో. అయినా ఈ సంక్రాంతికి ఊళ్లో దీన్నే మళ్లీ చూశాం. ఈసారి మా ఊరు మహిళలకు రిజర్వ్ అయింది. కొత్త సర్పంచమ్మ మా పక్క వాకిలే. ఆమె కూడా వచ్చి కూర్చుంది. భర్త సంతకాల గురించి మాట్లాడే సీను వచ్చినప్పుడు ఆమె నవ్వకుండా చూసింది. వెళ్తూ వెళ్తూ, “మా ఇంట్ల గట్ల కానియ్య” అని చెప్పి వెళ్లింది. ఎర్ర ఇంకుతో ఆ మాటే రాశాం.

ఇక నటుడు శివాజీ. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ ఆరు ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూసేశాం. లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, భార్య రాణి, ముగ్గురు పిల్లలు. దర్శకుడు ఆదిత్య హాసన్ ఏ ఒక్క పాత్రనూ గొప్ప చేసి చూపించడు, చులకనా చెయ్యడు. ఉప్మా గొడవ వచ్చినప్పుడల్లా మా ఆయనా నేనూ కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. మా ఇద్దరిదీ అదే బాల్యం కదా. నల్ల ఇంకు నిండా నవ్వులే.

ఆ ఎండాకాలం మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆమె కోసం మళ్లీ పెట్టాం. ఉప్మా దగ్గర అమ్మ నవ్వలేదు. కాసేపాగి, “నెలాఖరుకి డబ్బాలో రవ్వ ఒక్కటే మిగిలేదే. మీకు ఉప్మా అంటే పడదని నాకు తెలియక కాదు” అంది. నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు ప్లేటు నెట్టేసి లేచిపోయిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అప్పటి నుంచి ఆ సిరీస్ గురించి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని చూడండి. పిల్లల వైపు నుంచి అది కామెడీ. తల్లి వైపు నుంచి చూస్తే అది ఇంటి ఖర్చుల లెక్క. రెండూ ఒకే సీనులో పట్టాయంటే రాసినవాళ్లకు ఆ వంటిల్లు తెలిసే ఉండాలి.

అదే శివాజీ పద్నాలుగు నెలల తర్వాత ‘కోర్ట్’లో మంగపతిగా వచ్చారు. 2025 మార్చిలో విడుదలైన సినిమా ఇది, రామ్ జగదీశ్ దర్శకుడు. లెక్కల మాస్టారిని అంత ప్రేమగా చూసుకున్న అత్తమ్మ, మంగపతిని చూసి టీవీ వైపు మెటికలు విరిచారు. పాప గమనించి చెప్పేదాకా నాకు తట్టలేదు: శివాజీ అక్కడ చంద్రశేఖర్, ఇక్కడ ఆయన కేసులో ఇరికించే కుర్రాడి పేరు కూడా చంద్రశేఖరే. కథ 2013లో విశాఖపట్నంలో జరుగుతుంది. అబ్బాయికి పంతొమ్మిదేళ్లు, అమ్మాయి జాబిల్లికి పదిహేడు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ముందు పద్దెనిమిది నిండని వాళ్లంతా పిల్లలే, వాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్న ప్రశ్నే రాదు. పసిపిల్లలను కాపాడడానికి అంత గట్టి చట్టం ఉండాల్సిందే. దాన్నే పరువు కోసం ఒక పేద కుర్రాడి మీద ప్రయోగిస్తే ఏమవుతుందన్నదే సినిమా.

మొదటిసారి చూసినప్పుడు మా అందరి వాక్యాలూ శివాజీ గురించే. రెండోసారి చూసేటప్పటికి పాపకు పదిహేనేళ్లు. ఎర్ర ఇంకుతో అది రాసింది చదివి నేనూ మా ఆయనా ముఖముఖాలు చూసుకున్నాం: “ఇంట్లో అందరూ జాబిల్లి గురించే మాట్లాడతారు. జాబిల్లిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు.” ఆ రాత్రి పన్నెండున్నర దాకా చట్టం గురించి, ఫోన్ల గురించి, ఇంట్లో ఏది చెప్పొచ్చు, ఏది చెబితే మేం కోప్పడతామో దాని గురించి మాట్లాడుకున్నాం. అంతకుముందు పాప మాతో అంతసేపు కూర్చుని మాట్లాడింది లేదు. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఈ సినిమా పిల్లలతో కలిసే చూడాలి. చివరి వాదన కొంచెం ఉపన్యాసంలా సాగుతుందన్నది నిజం. లాయరుగా ప్రియదర్శి గొంతు పెంచకుండా చేయడంతో అదీ వినాలనిపిస్తుంది.

2025 సెప్టెంబరులో వచ్చిన ‘లిటిల్ హార్ట్స్’ మాత్రం ఒక్కసారే చూశాం. ‘90స్’లో పెద్దకొడుకుగా చేసిన మౌళి ఇందులో హీరో. ఎంసెట్ పోయిన పిల్లల లాంగ్ టర్మ్ కోచింగ్ కథ. హాయిగా నవ్వించింది. పాప క్లాసులో సగం డైలాగులు అవేనట. దాని పక్కన ఇంకా ఎర్ర ఇంకు పడలేదు కాబట్టి ఇంతకంటే రాయను.

ఇన్ని శనివారాల్లో నాకు నిజంగా కష్టం కలిగించిన సంగతి ఒకటుంది. అత్తమ్మకు ఎడమ చెవి సరిగా వినిపించదు. మాటలు నెమ్మదిగా, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ హోరుగా ఉంటే ఆమెకు సగం కథ పోతుంది. టీవీ సెట్టింగ్స్‌లో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ పెట్టాక కొంత నయం. తెలుగు సినిమాకు తెలుగులోనే సబ్‌టైటిల్స్ ఉంటే ఎంత బాగుంటుంది! మేం వాడే యాప్‌లలో చాలావాటికి ఇంగ్లీషువే వస్తాయి. అత్తమ్మ ఏడో తరగతి దాకా చదువుకున్నారు, రోజూ పేపర్ చదువుతారు, తెర మీద తెలుగు అక్షరాలు పడితే గబగబా చదివేస్తారు. ఒక యాప్‌కు రెండుసార్లు ఈ విషయమే రాశాను, జవాబు రాలేదు. ఇంకో యాప్‌లో అయితే ఆమెకు నచ్చిన పాత సినిమా ఒక రోజు వెతికితే లేనే లేదు, తీసేశారు. ఆమె ఇప్పటికీ శనివారం భోజనాలయ్యాక ఆ సినిమా వచ్చిందేమో చూడమని అడుగుతుంటారు.

అందుకని మా పాప ఒక పద్ధతి పెట్టింది. నానమ్మ కుడిచెవి వైపు కూర్చుని, ఆమెకు అందని మాటను మెల్లగా మళ్లీ చెబుతుంది. జగిత్యాల యాసలో చెబుతుంది, అదీ ఆ సినిమాల నుంచి నేర్చుకున్నదే. పోయిన శనివారం ‘బలగం’ చివరి పాట దగ్గర అది చెప్పబోతుంటే అత్తమ్మ దాని చెయ్యి పట్టుకుని ఆపారు.

“గిది నాకు ఇనవడుతది బిడ్డా.”