మచ్చకి ముందు లేజరా, సిలికాన్ జెల్లా?

రాయగడలో బండి సైలెన్సర్ వాత పడని ఇల్లు ఉండదేమో. మా మేనకోడలికి రెండు గాయాలయ్యాయి. పిక్క మీద సైలెన్సర్ కాల్పు, ఆ తర్వాత స్కూటీ జారి గడ్డం కింద నాలుగు కుట్లు. పిక్కని ఎవరూ పట్టించుకోలేదు. గడ్డం దగ్గరికొచ్చేసరికి మా అక్కకి టెన్షన్ మొదలైంది. "వైజాగ్ తీసుకెళ్లి లేజర్ కొట్టించేద్దాంరా తమ్ముడూ, సంబంధాలు చూస్తున్నాం కదా!" అంది. కుట్లు విప్పి అప్పటికి మూడు వారాలే.

నేను సిలికాన్ జెల్ వైపే నిలబడ్డాను. పైకి గాయం మానినట్టే కనిపిస్తుంది గానీ, లోపల కొల్లాజెన్ (చర్మానికి గట్టిదనమిచ్చే ప్రోటీన్) సర్దుకోవడానికి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా ఉన్న కొత్త మచ్చ చాలావరకు దానంతటదే చల్లబడుతుంది. ఎర్రదనం తగ్గించడానికి కుట్లు విప్పిన కొద్ది వారాల్లోనే లేజర్ మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు, అది తప్పేమీ కాదు. కానీ వందల్లో అయిపోయే ట్యూబు ఒకటి ఉండగా, వేలు పోసి, నెలనెలా రైలెక్కి మొదలుపెట్టాలా అన్నదే నా లెక్క.

జెల్‌ది ఓపిక పని. పుండు పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. రోజుకి రెండుసార్లు పల్చగా రాసి ఆరనివ్వాలి, కనీసం రెండు మూడు నెలలు మానకూడదు. సిలికాన్ షీట్ కూడా దొరుకుతుంది గానీ దాన్ని రోజుకి పన్నెండు గంటలకి పైగా అంటించుకోవాలి. మన ఎండలకి దాని కింద చెమట పట్టి దద్దురు లేస్తుంది, గడ్డం మీద అసలు నిలవదు. బయటికెళ్తే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పదు. పక్కింటి పిన్నిగారు చెప్పినట్టు విటమిన్ ఇ గుళిక పిండి రాయొద్దు. దానివల్ల లాభం తక్కువ, కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి.

జెల్‌తో కానిదేంటంటే గుంట. చర్మం లోపలికి పోయి గుంటలా మిగిలిన మచ్చని ఏ జెల్లూ పైకి లేపదు. పాతబడి గట్టిపడిన మచ్చ మీద కూడా దాని ప్రభావం తక్కువే. లేజర్‌ అవసరం ఇక్కడే.

లేజర్ అంటే ఒకటే యంత్రం కాదు. ఎర్రదనానికి వాడేది పల్స్‌డ్ డై లేజర్, 595 నానోమీటర్ల కాంతి, రక్తనాళాల మీద పనిచేస్తుంది. గుంటలకి, గరుకుదనానికి ఫ్రాక్షనల్ సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ లేజర్, 10,600 నానోమీటర్లు. ఇది చర్మంలో కంటికి కనపడనంత సన్న రంధ్రాలు వేసి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేస్తుంది. ఆ వదిలిన చర్మమే గాయాన్ని తొందరగా మాన్పుతుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో మూడు నుంచి ఐదు సిట్టింగులు మామూలు. మచ్చ మాసిపోదు, మెరుగవుతుంది. ఈ ముక్క ముందే చెప్పని క్లినిక్కులో నేనైతే డబ్బు కట్టను.

మన చామనఛాయకి అసలు భయం వేరు. లేజర్ తగిలిన చోట నెలల తరబడి నల్లగా మిగిలిపోవచ్చు. అందుకే తక్కువ శక్తితో మొదలుపెట్టమని, చెవి వెనక చిన్న చోట ముందు పరీక్షించమని అడగండి. చేయించుకున్న వారం మజ్జిగౌరమ్మ గుడి క్యూలో ఎండలో నిలబడితే ఖర్చంతా బూడిదలో పోసినట్టే.

కెలాయిడ్ సంగతి పూర్తిగా వేరు. గాయం హద్దు దాటి పక్క చర్మంలోకి పెరిగే మచ్చ అది, చెవి తమ్మె, ఛాతీ, భుజం దానికి ఇష్టమైన చోట్లు. దాన్ని ఉత్తినే కోసినా, లేజర్‌తో కాల్చినా చాలాసార్లు మళ్లీ పెరుగుతుంది. అక్కడ ముందు మాట ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ది. మూడు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోకే ఇస్తారు. నొప్పి బాగానే ఉంటుంది, చుట్టూ చర్మం పల్చబడి తెల్లబడొచ్చు కూడా. అయినా నా మాట దానికే. కాలిన మచ్చ మోచేతిని పట్టేసి చాపనివ్వకపోతే ప్లాస్టిక్ సర్జన్‌ని చూడాలి. ప్రమాదం, కాల్పు తర్వాత చేసే అలాంటి సరిదిద్దే ఆపరేషన్ అందం కోసం చేసే వాటి కిందికి రాదు, కాబట్టి ఆరోగ్య బీమా పాలసీ కాగితం ఒకసారి తీసి చూసుకోండి.

ఎనిమిది నెలలయ్యాయి. గడ్డం మీద ఎరుపు పోయింది, చిన్న గుంట మిగిలింది. ఇప్పుడు లేజర్ అంటే నేనూ సరే అన్నాను, ఎండలు తగ్గాక కార్తీకంలో వెళ్దామనుకున్నాం. పిల్ల మాత్రం "మామయ్యా, గడ్డం సంగతి సరే, పిక్క మచ్చకి కూడా అడుగు" అంటోంది. అది ఉత్త నల్లమరక, దానికి నేను వద్దన్నాను. మోకాలి కింద చర్మం నిదానంగా మానుతుంది, లేజర్ పడితే ఇంకా నల్లబడే ప్రమాదం ఎక్కువ.