అరకు ఘాట్‌లో సున్నాకి పడిన ముల్లు

డిసెంబరులో ఒక శనివారం తెల్లవారుజామున విశాఖలో బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అక్క భర్త బావగారు. బండి మా నాన్న వాడిన పాత డీజిల్ జీపు. కొత్తవలస, ఎస్.కోట మీదుగా అరకు దాదాపు 115 కిలోమీటర్లు. ఎస్.కోటలో ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. పొగలు కక్కుతూ వచ్చింది, అల్లం చట్నీ బ్రహ్మాండం. ఘాట్ ఎక్కే ముందు పిల్లలకి కడుపు నింపాలంటే ఇక్కడే ఆగండి.

టైడ దాటాక ఒక మలుపులో ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడింది. బండిని పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపేశాను. ప్రెషర్ లేకుండా ఇంజిన్ తిరిగితే బేరింగులు నిమిషాల్లో పోతాయి. "ఆ మలుపు దాటాక చూద్దాం" అనుకునే పని కాదు.

చక్రాల కింద రాళ్లు పెట్టి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీశాను. వాలు మీద ఆ కొలతని పూర్తిగా నమ్మలేం కానీ, ఆయిల్ రెండు గీతల మధ్యే ఉంది. బండి కింద చుక్క కూడా కారలేదు. అప్పుడు బావగారు అడిగారు, "బావా, ఎర్ర లైటు వెలిగిందా?"

వెలగలేదు. మా జీపులో లైటు, ముల్లు రెండూ వేర్వేరు. లైటుకి ఇంజిన్ మీద ఒక స్విచ్ ఉంటుంది. ప్రెషర్ బాగా పడిపోయి, సుమారుగా 5-7 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే లెక్క) దగ్గరికొస్తేనే అది వెలుగుతుంది. ప్రెషర్ని కొలిచి ముల్లుని నడిపే యూనిట్ వేరు, అది కూడా ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూశాను, లైటు వెలిగింది. అంటే బల్బు, వైరు బాగానే ఉన్నాయి. అనుమానం ముల్లు మీదకి పోయింది. అయినా ఆ అనుమానాన్ని నమ్ముకుని పిల్లలతో ఘాట్ ఎక్కలేను. ఆవిడనీ పిల్లల్నీ ఆర్టీసీ బస్సెక్కించి అనంతగిరి పంపేశాం.

ఇన్సూరెన్సుతో వచ్చిన రోడ్డు సాయం నంబరుకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. కానీ మూడు గంటలు పడుతుందని, బండిని విశాఖకే లాక్కెళ్తామని అన్నారు. ఘాట్ మీద ఆ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఇడ్లీ తిన్న హోటలాయనకి ఫోన్ చేస్తే ఒక మెకానిక్ నంబరిచ్చారు. ఆయన గంటలో బైకు మీద వచ్చేశాడు. సంచిలో సన్న పైపుతో, ఆయిల్ ప్రెషర్ని నేరుగా కొలిచే ఒక మెకానికల్ గేజి కూడా ఉంది.

రాగానే ఆయన అడిగింది కూడా అదే: "ఏటి సార్, ముల్లు ఒక్కటే పడిందా, లైటు కూడా వచ్చిందా?" తర్వాత డీజిలు, టెంపరేచరు ముళ్లు చూశాడు. అవి కూడా పడిపోయి ఉంటే డ్యాష్‌బోర్డు వెనక కరెంటు సరఫరానో ఎర్తో (బండి లోహం ద్వారా కరెంటు తిరిగి వెళ్లే దారి) వెతకాలట. అవి బాగానే ఉన్నాయి. యూనిట్ నుంచి వైరు పీకి, తాళం తిప్పి, వైరు కొసని ఒక్క క్షణం ఇంజిన్‌కి తాకించాడు. ముల్లు చివరిదాకా లేచింది. అంటే మీటరు, వైరు మంచివే. (కొన్ని బండ్లలో ఇది తిరగేసి పనిచేస్తుంది, అక్కడ ముల్లు కిందికి పడుతుంది.)

యూనిట్ విప్పి నా అరచేతిలో పెట్టాడు. దాని మరల (థ్రెడ్స్) చుట్టూ తెల్ల టేపు, నాలుగైదు చుట్లు. వారం క్రితం ఆయిల్ చెమ్మ వస్తోందని ఒక వర్క్‌షాపులో చూపించాను, వాళ్లు చుట్టిందే. "దీనికి ఎర్త్ ఈ మరల నుంచే రావాల సార్. టేపు చుట్టేస్తే ఎలా దొరుకుతాది?" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. చేసిన పని చెప్పి ఉంటే ఆ ఉదయం అంత టెన్షన్ ఉండేది కాదు.

ముల్లు తప్పని తేలినా ఆయన ఇంజిన్‌ని వదల్లేదు. ఆ రంధ్రంలో తన గేజి బిగించి స్టార్ట్ చేయించాడు. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా కాచాడు, ఎందుకంటే వేడికి ఆయిల్ పల్చబడితేనే అసలు లోపం బయటపడుతుంది. ఐడిల్‌లో 20 పీఎస్ఐ దాటి ఉంది, రేస్ చేస్తే 45కి పోయింది, అంటే ప్రెషర్ బాగానే ఉంది. అప్పుడు టేపు గీకి, వైర్ బ్రష్‌తో మరలు తోమి, అదే యూనిట్ బిగించాడు. ముల్లు లేచి నిలబడింది. తన బైకు పెట్రోలుతో కలిపి 600 తీసుకున్నాడు.

ఆ రాత్రి అనంతగిరిలో టూరిజం వాళ్ల హరిత రిసార్టులో ఉన్నాం. గది సాదాసీదా, కానీ కిటికీ తీస్తే మంచు లోపలికి వస్తుంది, పార్కింగ్ చదునుగా ఉంది. పాత బండితో వెళ్లేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. పొద్దున్నే డిప్‌స్టిక్ నమ్మకంగా చూసుకోవచ్చు, కింద చుక్క పడిందో లేదో తెలుస్తుంది. రెండో రాత్రి అరకులో దిగిన ప్రైవేటు గెస్ట్‌హౌసులో పడకలు మెత్తన, వేడినీళ్లు ధారాళం, కానీ బండిని నిటారు వాలులో పెట్టించారు. నాకు నిద్ర పట్టలేదు.

బొర్రా గుహలకి పొద్దున్నే వెళ్లండి, రద్దీ పెరిగాక మెట్ల మీద పిల్లలతో కష్టం. గిరిజన మ్యూజియానికి ఒక గంట ఇవ్వండి. బొంగులో చికెన్ మీ కళ్లముందు నిప్పుల మీంచి తీసిందే తినండి.

దిగేటప్పుడు ఎస్.కోటలో మళ్లీ ఆగాం. మెకానిక్ బానెట్ ఎత్తి, యూనిట్ మొదట్లో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూపించాడు. వేలు పొడిగానే ఉంది.